సిగ్నల్ లేని రోడ్డు మీద కూడా దారి చూపే ఆఫ్‌లైన్ మ్యాపును ఫోనులో సిద్ధం చేసుకోవడం ఎలా?

భద్రాచలం నుంచి చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం మీదుగా రాజమహేంద్రవరం వెళ్లే రోడ్డులో ఘాట్ మొదలైన తరువాత చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ అందదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు దాటాక నల్లమల అడవిలోనూ ఇదే అనుభవం ఎదురవుతుంది. అలాంటి చోట కూడా మీరున్న స్థానాన్ని చూపి, తరువాతి మలుపును చెప్పి, దారి తప్పితే కొత్త దారిని ఫోనులోనే లెక్కకట్టే ఓపెన్ సోర్స్ యాప్‌లు, అంటే తయారీ కోడును ఎవరైనా చూసి మార్చుకోగల యాప్‌లు, ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే వాటిని ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన పని పూర్తికాదు. ఇంటర్నెట్ ఉన్న చోట, అంటే ఇంట్లో కూర్చుని, ముందుగా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని చేయవలసిన వరుసలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

ఏ యాప్ తీసుకోవాలి, ఎక్కడి నుంచి తీసుకోవాలి

ఈ యాప్‌లన్నిటికీ ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటం. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఈ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తున్నారు, దిద్దుతున్నారు. మూలాన్ని పేర్కొని, లైసెన్సు షరతులు పాటిస్తే దాని సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే ఒకే పటం మీద అనేక యాప్‌లు పుట్టుకొచ్చాయి. వాటిలో సామాన్య ప్రయాణికుడికి పనికివచ్చేవి ప్రధానంగా మూడు: ఆర్గానిక్ మ్యాప్స్, దాని నుంచి 2025లో విడివడిన కోమ్యాప్స్, వీటికి సంబంధం లేకుండా 2010 నుంచి అభివృద్ధి చెందుతూ వచ్చిన ఓస్మాండ్.

ఆర్గానిక్ మ్యాప్స్ పుట్టుకను ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మ్యాప్స్‌విత్‌మీ అనే పేరుతో మొదలై, తరువాత మ్యాప్స్.మీగా మారిన యాప్ ఒకటి ఉండేది. 2014లో రష్యాకు చెందిన మెయిల్.రు సంస్థ దానిని కొనుక్కుంది. 2015లో దాని కోడు బహిరంగమైంది. 2020లో యాజమాన్యం మళ్లీ మారినప్పుడు, యాప్‌ను మొదట తయారుచేసినవారిలో కొందరు ఆ బహిరంగ కోడునే తీసుకుని, ప్రకటనలూ వినియోగదారులపై నిఘా పెట్టే భాగాలూ తొలగించి, 2021లో ఆర్గానిక్ మ్యాప్స్‌గా విడుదల చేశారు. కోడు బహిరంగంగా లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. ప్రాజెక్టు నిర్వహణ తీరుపై వచ్చిన అభిప్రాయభేదాల వల్ల తరువాత కోమ్యాప్స్ వేరుపడినప్పుడు కూడా వాడుకరులు నష్టపోయింది ఏమీ లేదు, ఎందుకంటే రెండు యాప్‌లకూ కింద ఉన్న పటం ఒక్కటే.

ఎంపిక విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అమ్మానాన్నలకో, ఫోను సెట్టింగుల జోలికి వెళ్లడం ఇష్టంలేని మిత్రులకో పెట్టి ఇవ్వాలంటే ఆర్గానిక్ మ్యాప్స్ గాని కోమ్యాప్స్ గాని సరిపోతుంది. వీటి తెర శుభ్రంగా ఉంటుంది, పాత ఫోనులో కూడా తేలికగా నడుస్తాయి, ఖాతా తెరవమని అడగవు. కొండల ఎత్తుపల్లాలు చూడాలన్నా, నడిచిన బాటను వివరంగా నమోదు చేయాలన్నా, కారుకూ సైకిలుకూ వేర్వేరు అమరికలు పెట్టుకోవాలన్నా ఓస్మాండ్ తీసుకోండి. అందులో సదుపాయాలు ఎక్కువ, సెట్టింగులూ ఎక్కువే, కనుక మొదటి వారం కొంత ఓపిక పట్టాలి. ఫోనులో చోటు ఉంటే రెండు రకాలూ పెట్టుకోవడం మంచిది, ఒకటి దారి కనుక్కోలేకపోయిన సందర్భంలో రెండవది కనుక్కోగలదు.

ఆండ్రాయిడ్ ఫోను వాడేవారికి ఇవి ప్లే స్టోరులోనూ ఎఫ్-డ్రాయిడ్‌లోనూ దొరుకుతాయి. ఎఫ్-డ్రాయిడ్ అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లను మాత్రమే అందించే భాండాగారం. దాని వెబ్‌సైటు నుంచి ముందుగా ఎఫ్-డ్రాయిడ్ యాప్‌ను దించుకుని, ఫోను అడిగినప్పుడు బయటి యాప్‌ల ఇన్‌స్టలేషనుకు అనుమతి ఇచ్చి, ఆ తరువాత అందులో కావలసినవి వెతుక్కోవాలి. ఓస్మాండ్ విషయంలో ఈ శ్రమకు తగిన ఫలితం ఉంది. ప్లే స్టోరులోని ఉచిత కూర్పులో మ్యాపుల డౌన్‌లోడు 7కు పరిమితం కాగా, ఎఫ్-డ్రాయిడ్ కూర్పులో ఆ పరిమితి లేదు. ఐఫోను వాడేవారు యాప్ స్టోరు నుంచే తీసుకోవాలి. స్టోరులో వెతికేటప్పుడు ఓస్మాండ్ పేరును ఓ, ఎస్, ఎం, ఎ, ఎన్, డి అనే ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేయండి. ఆఫ్‌లైన్ మ్యాపులు అని మాత్రమే వెతికితే ప్రకటనలతో నిండిన వేరే యాప్‌లు చాలా కనిపిస్తాయి, వాటిని ఈ యాప్‌లుగా పొరబడవద్దు.

మ్యాపులను దించుకోవడం

వైఫై ఉన్న చోట యాప్‌ను తెరవండి. ఆర్గానిక్ మ్యాప్స్‌లోనూ కోమ్యాప్స్‌లోనూ రెండు మార్గాలు ఉన్నాయి: మెనూలోని డౌన్‌లోడ్ మ్యాప్స్ అనే చోటికి వెళ్లి భారతదేశం కింద రాష్ట్రాన్ని ఎంచుకోవచ్చు, లేదా మ్యాపు మీద మీ ప్రాంతాన్ని పెద్దది చేస్తూ పోతే ఆ ప్రాంతపు మ్యాపును దించుకోమంటారా అని యాప్ తానే అడుగుతుంది. ఓస్మాండ్‌లో ఇదే పనికి మెనూలో మ్యాప్స్ అండ్ రిసోర్సెస్ అనే విభాగం ఉంది. ఖండం, దేశం, రాష్ట్రం అనే వరుసలో లోపలికి వెళ్లాలి. ప్రతి మ్యాపు పక్కనే దాని పరిమాణం కనిపిస్తుంది కనుక ఫోనులో ఎంత ఖాళీ ఉందో ముందుగా చూసుకోండి. మెమరీ కార్డు ఉన్న ఫోనులో ఓస్మాండ్ మ్యాపులను కార్డు మీదికి మార్చుకునే వీలు సెట్టింగులలో ఉంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మీరు వెళ్లే దారి ఏయే రాష్ట్రాలను తాకుతుందో ఆ రాష్ట్రాలన్నిటి మ్యాపులూ ఉండాలి, గమ్యస్థానం ఉన్న రాష్ట్రానిది ఒక్కటే చాలదు. పైన చెప్పిన దారినే తీసుకుంటే, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. చింతూరు, కూనవరం మండలాలు మాత్రం పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చింతూరు నుంచి కొంత దూరం ఉత్తరానికి వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వస్తుంది, శబరి, సీలేరు నదులు కలిసే మోటు ఒడిశాలో ఉంది. ఇలాంటి సరిహద్దు ప్రాంతంలో ఒక మలుపు అటూ ఇటూ అయితే మ్యాపు లేని రాష్ట్రంలోకి వెళ్లిపోతారు, అప్పుడు తెర మీద రోడ్లు మాయమై మీ స్థానాన్ని చూపే గుర్తు మాత్రమే మిగులుతుంది. అందుచేత సరిహద్దు దగ్గరి ప్రయాణాలకు పక్క రాష్ట్రాల మ్యాపులు కూడా దించుకోండి.

అడవులలో, కొండలలో నడిచేవారు ఓస్మాండ్‌లో అదే రాష్ట్రం కింద కనిపించే సమోన్నత రేఖలను (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలను) కూడా తీసుకోవాలి. రెండు చోట్ల మధ్య దూరం తక్కువగా కనిపించినా ఆ రేఖలు దగ్గరదగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువని అర్థం.

జీపీఎస్‌ను సిద్ధం చేయడం

ఇంటర్నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్న అపోహ చాలామందిలో ఉంది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను మీ ఫోను రేడియోలా వింటుంది, తిరిగి వాటికి ఏమీ పంపదు. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందితే తన స్థానాన్ని లెక్కకట్టుకుంటుంది. కనుక సిమ్ లేని ఫోను కూడా మీరెక్కడున్నారో చెప్పగలదు.

అయితే ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఈ పని చాలా వేగంగా జరుగుతుంది, ఎందుకంటే ఏ ఉపగ్రహం ఎక్కడ ఉందన్న సమాచారాన్ని ఫోను నెట్‌వర్కు నుంచి క్షణాల్లో తెచ్చుకుంటుంది. అది లేనప్పుడు ఆ సమాచారాన్ని ఉపగ్రహం నుంచే నింపాదిగా అందుకోవాలి. జీపీఎస్ ఉపగ్రహాలన్నిటి స్థూల పట్టిక పూర్తిగా అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. స్థానం తెలియడానికి ప్రతిసారీ అంత సమయం పట్టకపోయినా, చెట్ల కింద ఆగి ఫోను తీసి చూస్తే వెంటనే ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. అందువల్ల సిగ్నల్ ఉన్న చివరి ఊరిలోనే మ్యాపు తెరిచి, మీ స్థానం సరిగ్గా కనిపించేవరకు ఆగి, ఆపైన బయలుదేరండి. మధ్యలో స్థానం పోతే ఆకాశం బాగా కనిపించే చోట కొద్ది నిమిషాలు నిలబడండి.

ఫోను సెట్టింగులలో మూడు చూసుకోవాలి. యాప్‌కు లొకేషన్ అనుమతి ఇచ్చేటప్పుడు ప్రిసైజ్ అన్నది ఎంచుకోవాలి, లేకపోతే ఆండ్రాయిడ్ కావాలనే సుమారు స్థానాన్ని ఇస్తుంది, అది దారి చూపడానికి పనికిరాదు. బ్యాటరీ పొదుపు జాబితాలో ఈ యాప్‌కు అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టాలి, లేకపోతే తెర ఆరిన కొంతసేపటికి ఫోను యాప్‌ను మూసివేయవచ్చు, అప్పుడు మలుపుల గురించి మాటలూ వినిపించవు, బాట నమోదూ సగంలో ఆగిపోతుంది. మూడవది మాటల సంగతి. మలుపులు చెప్పే గొంతు ఫోనులోని టెక్స్ట్ టు స్పీచ్ సదుపాయం మీద ఆధారపడుతుంది కనుక, మీరు ఎంచుకున్న భాష గొంతును ఆ సెట్టింగులలో ముందే దించుకుని ఉంచండి. ఆ గొంతు ఫోనులో లేకపోతే సిగ్నల్ లేని చోట యాప్ మూగబోతుంది.

ఉపగ్రహాలు ఎన్ని అందుతున్నాయో చూడాలన్న ఆసక్తి ఉన్నవారికి జీపీఎస్‌టెస్ట్ అనే మరొక ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. మీ ఫోను చిప్పు మన దేశపు నావిక్ ఉపగ్రహాలను కూడా వినగలదా అన్నది అందులో తెలుస్తుంది.

గమ్యాలను ముందుగా గుర్తు పెట్టుకోవడం

ఈ యాప్‌లలో అన్నిటికంటే బలహీనమైన భాగం వెతుకులాటే. మన ఊళ్లలో ఇంటి నంబర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దాదాపు లేవు, చిన్న హోటళ్లూ దుకాణాలూ చాలా తక్కువ. ఊరి పేరుతో, గుడి పేరుతో, బస్టాండు పేరుతో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. ఒక స్పెల్లింగుతో దొరకకపోతే మరొకటి ప్రయత్నించండి, ఒకే పల్లె పేరును బోర్డుల మీద కూడా రెండు మూడు విధాలుగా రాస్తారు కదా. తెలుగులో టైపు చేసి కూడా చూడండి. ఎవరైనా ఆ ఊరికి తెలుగు పేరు చేర్చి ఉంటే దొరుకుతుంది.

కాబట్టి గమ్యాన్ని దారి మధ్యలో వెతకాలని అనుకోకండి. ఇంట్లోనే కనుక్కుని, దాని మీద నొక్కి, బుక్‌మార్కుగా దాచుకోండి. మ్యాపులో పేరు లేని చోటికి, ఉదాహరణకు తోటలో ఉన్న ఇంటికి వెళ్లవలసి వస్తే అక్కడివారిని అక్షాంశ రేఖాంశాలు అడగండి. లొకేషన్ లింకు పంపితే అది తెరుచుకోవడానికి మళ్లీ ఇంటర్నెట్ కావాలి, రెండు అంకెలు మాత్రం వెతికే పెట్టెలో నేరుగా టైపు చేయవచ్చు. తెలుగు రాష్ట్రాలలో అక్షాంశం 12కు, 20కి మధ్యనా, రేఖాంశం 76కు, 85కు మధ్యనా ఉంటుంది, కనుక చిన్న అంకె ముందు రావాలి. శ్రీశైలం సుమారు 16.07, 78.87 దగ్గర ఉంది. ఈ అంకెలు తారుమారైతే యాప్ మిమ్మల్ని ఆర్కిటిక్ ప్రాంతానికి తీసుకువెళుతుంది. దశాంశ బిందువు తరువాత నాలుగు స్థానాలు ఉంటే దాదాపు 11 మీటర్ల కచ్చితత్వం వస్తుంది, రెండే ఉంటే కిలోమీటరుకు పైగా తేడా రావచ్చు. కనుక ఇంటికి చేరడానికి నాలుగు స్థానాలు అడిగి తీసుకోండి.

పెట్రోలు బంకులు, ఆసుపత్రి, రాత్రి ఆగే చోటు, దారిలోని చెక్‌పోస్టులు కూడా ఇదే విధంగా గుర్తు పెట్టుకోవాలి. మిత్రులు ఇంతకుముందు నడిచిన బాట జీపీఎక్స్ ఫైలు (నమోదు చేసిన బాటను దాచే ఫైలు) రూపంలో ఉంటే దానిని ఈ యాప్‌లలో తెరిచి మ్యాపు మీద గీతగా చూసుకోవచ్చు. అడవి బాటలకు యాప్ లెక్కకట్టిన దారి కంటే, నడిచినవారు ఇచ్చిన ఆ గీతే నమ్మదగినదని నా అభిప్రాయం.

ఇంట్లోనే పరీక్షించడం

ఇప్పుడు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై ఆగిపోయిందో లేదో చూసుకోండి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. ఇంటి ముందు ఆరుబయట నిలబడి యాప్‌ను తెరిచి, మీ స్థానం కనిపిస్తుందా, దాచుకున్న గమ్యానికి దారి గీస్తుందా, గొంతు వినిపిస్తుందా అన్నవి ఒక్కొక్కటిగా చూడండి. దారి గీయకపోతే ఏదో ఒక రాష్ట్రపు మ్యాపు తక్కువైందని గాని, మ్యాపులో రోడ్డు ఎక్కడో తెగి ఉందని గాని అర్థం. ఓస్మాండ్‌లో ప్రయాణాన్ని కదలకుండానే అనుకరించే సదుపాయం ఉంది, దానితో మలుపుల మాటలు ఎలా వస్తాయో కుర్చీలో కూర్చునే వినవచ్చు. ఈ పరీక్షను మాత్రం మానవద్దు. లోపం ఇంట్లో బయటపడితే సరిచేసుకోవడం ఐదు నిమిషాల పని, ఘాట్ మధ్యలో బయటపడితే చేయగలిగింది ఏమీ ఉండదు.

యాప్ ఇచ్చిన దారిని ఎంతవరకు నమ్మాలి

పరీక్షలో దారి వచ్చింది కదా అని వెంటనే ఫోను పక్కన పెట్టకండి. ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివర వరకు వేలితో జరుపుతూ ఒకసారి చూడండి. సన్నటి చుక్కల గీతలుగా కనిపించేవి సాధారణంగా బండి బాటలు గాని కాలిబాటలు గాని అయి ఉంటాయి. మ్యాపులో రోడ్డు ఎలాంటిదో ఎవరూ నమోదు చేయకపోతే, ఆ తరగతి రోడ్లు సాధారణంగా ఎలా ఉంటాయో అలాగే ఉంటుందని యాప్ ఊహించుకుంటుంది. కారులో వెళుతున్నట్లయితే దారి సెట్టింగులలో మట్టి రోడ్లను తప్పించమని చెప్పండి, టోలు రోడ్లను తప్పించే వీలు కూడా అక్కడే ఉంటుంది.

ప్రయాణ సమయాన్ని మాత్రం యథాతథంగా తీసుకోవద్దు. యాప్ రోడ్డు తరగతిని, నమోదైన వేగ పరిమితిని బట్టి లెక్కవేస్తుందే తప్ప హెయిర్‌పిన్ మలుపుల దగ్గర లారీ వెనుక పాకుతూ పోయే సమయం దానికి తెలియదు. ఘాట్ రోడ్డుకు యాప్ చెప్పిన సమయానికి మరో సగం కలుపుకోవడం నా అలవాటు. ట్రాఫిక్ సమాచారం ఈ యాప్‌లలో ఉండదు కనుక హైదరాబాదు, విజయవాడ నగరాల లోపల, సిగ్నల్ ఉన్నంతసేపు, గూగుల్ మ్యాప్స్ వాడుకోవడమే మేలు. అందులోనూ కొంత ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌లో దాచుకోవచ్చు గాని నడక దారులు, సైకిలు దారులు ఇంటర్నెట్ లేకుండా రావు.

మ్యాపుకు అసలే తెలియని విషయాలు మరికొన్ని ఉంటాయి. శ్రీశైలం దారిలో పులుల అభయారణ్యం కారణంగా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపుతారు. సాయంత్రం ఆలస్యంగా బయలుదేరినవారికి యాప్ చక్కగా దారి గీసి ఇస్తుంది, చెక్‌పోస్టు దగ్గర గేటు మాత్రం మూసి ఉంటుంది. వానాకాలంలో గోదావరి పొంగితే భద్రాచలం, చింతూరు, కూనవరం మధ్య రోడ్లు నీట మునుగుతాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ అవుతుంది. జూలై, ఆగస్టులలో అటు వెళ్లేవారు బయలుదేరే ముందు నీటిమట్టం తెలుసుకోవాలి, ఎందుకంటే ఆఫ్‌లైన్ మ్యాపులో మునిగిన రోడ్డూ మామూలు రోడ్డులాగే కనిపిస్తుంది.

ప్రయాణంలో

తెర వెలుగే బ్యాటరీని ఎక్కువగా తింటుంది కనుక నడిచేటప్పుడు తెర ఆర్పి మాటలు వింటూ వెళ్లండి. సిగ్నల్ లేని చోట ఫోను నెట్‌వర్కు కోసం పదేపదే వెతుకుతూ బ్యాటరీ ఖర్చు చేస్తుంది, అక్కడ ఏరోప్లేన్ మోడ్ పెట్టడం మంచిది. తోడుగా పవర్ బ్యాంకు ఉండాలి. కాలినడకన వెళ్లేవారు బయలుదేరే చోటనే బాట నమోదును ఆన్ చేయాలి. తిరుగుదారిలో అనుమానం వస్తే వచ్చిన బాట గీతను పట్టుకునే వెనక్కు రావచ్చు. ఓస్మాండ్‌లో దీనికి ట్రిప్ రికార్డింగ్ అనే ప్లగిన్‌ను (యాప్‌లోని అదనపు భాగాన్ని) ముందే ఆన్ చేసి ఉంచాలి.

తిరిగి వచ్చాక మ్యాపును దిద్దడం

దారిలో కనిపించిన తప్పులను మీరే సరిచేయవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఈ పనికి అన్నిటికంటే సులువైనది. మీరున్న చోట మ్యాపులో లేని వివరాలను అది ప్రశ్నలుగా అడుగుతుంది: ఈ రోడ్డు తారుదా మట్టిదా, ఈ దుకాణం ఎన్ని గంటలకు తెరుస్తారు, ఈ వీధి పేరేమిటి. ఆ ప్రాంతపు సమాచారాన్ని ముందే దించుకుని ఉంటే సిగ్నల్ లేని చోట కూడా జవాబులు ఇవ్వవచ్చు, నెట్ అందిన తరువాత అవి చేరుతాయి. కొత్త దుకాణాన్నో గుడినో చేర్చాలంటే ఆర్గానిక్ మ్యాప్స్ నుంచే చేర్చవచ్చు. రోడ్డు గీయాలంటే మాత్రం వెస్పూచీ అనే యాప్ గాని, కంప్యూటరులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైటు గాని వాడాలి. ఊరి పేరు ఇంగ్లిషులో మాత్రమే ఉంటే తెలుగు పేరును వేరే గడిలో చేర్చండి, ఆ తరువాత తెలుగులో వెతికినవారికి ఆ ఊరు దొరుకుతుంది.

ఇందులో ఒక నియమం కచ్చితంగా పాటించాలి: గూగుల్ మ్యాప్స్ వంటి హక్కులు రక్షితమైన పటాలను చూసి పేర్లు గాని రోడ్లు గాని ఎక్కించకూడదు. కళ్లారా చూసినది, అక్కడివారిని అడిగి తెలుసుకున్నది మాత్రమే రాయాలి. మరొక జాగ్రత్త, ఈ పటంలో జమ్మూ కాశ్మీరు వంటి చోట్ల అంతర్జాతీయ సరిహద్దు గీతలు సర్వే ఆఫ్ ఇండియా పటాలతో సరిపోవు. దారి వెతకడానికి దీనివల్ల ఇబ్బంది లేదు గాని, దేశపటాన్ని ఇందులోంచి తీసి పత్రికలోనో బడి పుస్తకంలోనో అచ్చువేయవద్దు.

మీరు చేసిన దిద్దుబాటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కొద్ది నిమిషాలలోనే కనిపించినా, ఫోనులోని ఆఫ్‌లైన్ మ్యాపులోకి వెంటనే రాదు. ఓస్మాండ్ మ్యాపులు మామూలుగా నెలకు ఒకసారి కొత్తవి వస్తాయి, మిగిలిన రెండింటిలోనూ యాప్ కొత్త మ్యాపులను విడుదల చేసేవరకు ఆగాలి. అందుకని ప్రతి ప్రయాణానికీ రెండు మూడు రోజుల ముందు డౌన్‌లోడు విభాగానికి వెళ్లి, అప్‌డేట్ కనిపించిన రాష్ట్రాలను తాజా చేసుకుని, ఇక అవసరం లేనివాటిని తీసివేసి, ఏరోప్లేన్ మోడ్ పరీక్షను మళ్లీ ఒకసారి చేయండి.